ఒక పౌను గింజలు, ఒక ఫుడ్ టెక్నాలజీ సీటు

ఫుడ్ టెక్నాలజీలో బీటెక్ అంటే మా కర్నూలు వైపు ఇప్పటికీ మొదట వచ్చే ప్రశ్న "చదివినాక హోటల్ పెట్టుకుంటాడా?" అని. మన సాఫ్ట్‌వేర్ జనాలు కూడా తక్కువేం కాదు, ఇంట్లో ఎవరైనా ఆ బ్రాంచి తీసుకుంటానంటే "కంప్యూటర్స్ రాలేదా పాపం" అనేస్తాం. కానీ ఈ చదువు అడిగే మొదటి ప్రశ్న, అంటే మనిషికి ఎంత తిండి కావాలి అన్నది, మా జిల్లాల్లో ఒకప్పుడు ప్రాణాల మీదకి తెచ్చింది.

1876-78 నాటి ధాత కరువులో మద్రాసు ప్రెసిడెన్సీ మొత్తమ్మీద కర్నూలు, కడప, బళ్ళారి జిల్లాలు దారుణంగా దెబ్బతిన్నాయి. కరువు పనుల్లో రాళ్ళు కొట్టే మనిషికి రోజుకి ఎంత ఇవ్వాలి? ఖర్చు తగ్గించమని వైస్రాయ్ లిట్టన్ 1877లో పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ ఒక పౌను గింజలు (450 గ్రాములు), పైన కాస్త డబ్బు చాలన్నాడు. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ ఒప్పుకోలేదు. కనీసం 680 గ్రాములు, దాంతో పప్పూ కూరగాయలూ ఉండాలన్నాడు. ఇవాళ్టి లెక్కలో 450 గ్రాముల గింజలంటే సుమారు 1,600 కేలరీలు. బండపని చేసే మగవాడికి 3,000 పైనే కావాలి! చివరికి 570 గ్రాముల గింజలు, 43 గ్రాముల పప్పు దగ్గర ఆగారు.

1881 జనాభా లెక్కలనాటికి కర్నూలు జిల్లాలో పదేళ్ళ కిందటి జనంలో సుమారు నాలుగో వంతు తగ్గిపోయారు. అంతా ఆ పౌను వల్లే అనను. వానల్లేవు, కలరా ఉంది, అయినా ధాన్యం ఎగుమతులు ఆగలేదు. కానీ తిండి కొలత ఖజానా చూసి కాదు, ఒంటిని చూసి తేల్చాలన్న వాదన జరిగింది మన జనం గురించే.

తర్వాత ఆ పనికి సంస్థలొచ్చాయి. 1918లో కూనూరులో ఒక్క గదిలో మొదలైన పరిశోధన 1958లో హైదరాబాదుకి చేరి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. మైసూరులో సీఎఫ్‌టీఆర్‌ఐ 1950లో వచ్చింది. ఇప్పుడు కడప జిల్లా పులివెందులలోనే వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి ఫుడ్ టెక్నాలజీ కాలేజీ ఉంది.

సరే, ఉద్యోగాలో? పాలు, నూనె, బిస్కెట్ కంపెనీల్లో క్వాలిటీ కంట్రోల్, కొత్త ఉత్పత్తుల తయారీ, ల్యాబులు, పరిశోధన. 2006 ఆహార భద్రత చట్టం 2011లో అమల్లోకొచ్చాక ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ పోస్టులకీ ఈ డిగ్రీ పనికొస్తుంది. మొదటి జీతం మనకంటే తక్కువే ఉండొచ్చు, దాచడమెందుకు.

అయితే పని మాత్రం మన ఊళ్ళోనే ఉంది. ధర పడినప్పుడల్లా పత్తికొండలో టమాటాలు రోడ్డు మీద పారబోస్తారు. టమాటాలో 94 శాతం దాకా నీళ్ళే. ఆ నీళ్ళు తగ్గిస్తే బూజు బతకదు. ఒరుగులు ఎండబెట్టిన మన అవ్వలకి ఇది తెలుసు. దాన్నే టన్నుల లెక్కన, రంగూ రుచీ పోకుండా, రైతుకి నాలుగు డబ్బులు మిగిలేలా చెయ్యడం ఇంజనీరింగు కాదంటారా?

మీ ఇంట్లో ఎవరైనా ఈ సీటు తీసుకుంటానంటే జీతమెంత అని అడగండి, తప్పులేదు. జాలి మాత్రం పడకండి.