లారీ వైరింగ్ దెబ్బతింటే: లోపం వెతకడం, బాగుచేయడం

పొరుగు రాష్ట్రాల్లో తరతరాలుగా స్థిరపడిన మన తెలుగు ఇళ్లల్లో లారీ మీద బతికేవి చాలానే ఉన్నాయి. సొంత బండి నడిపేవారు, ఒకటో రెండో బండ్లు కిరాయికి తిప్పేవారు, రోడ్డు పక్కన ఎలక్ట్రీషియన్ షాపు పెట్టుకున్నవారు మన మధ్యే ఉన్నారు. వారి కోసం, పని నేర్చుకుంటున్న మన పిల్లల కోసం ఈ వివరాలు ఒకచోట చేర్చి ఇస్తున్నాము.

ముందుగా ఒక మనవి. ఫ్యూజు పోతూ ఉంటే పెద్ద ఫ్యూజు వేయడం, లైటు వెలగకపోతే పైనుంచి ఇంకో వైరు లాగేయడం చాలాచోట్ల చూస్తున్నాము. ఇది రిపేరు కాదు. లోపం ఉన్నచోటే ఉండిపోతుంది. వెనక లైట్లు లేని లారీ రాత్రివేళ హైవే పక్కన ఆగి ఉంటే వెనక వచ్చే మోటారు సైకిలు మనిషికి అది కనిపించదు. లోపల వైరు వేడెక్కి అంటుకుంటే క్యాబిన్‌లో పడుకున్న క్లీనరు ప్రాణానికే ముప్పు. అందుకని లోపం ఎక్కడుందో కనిపెట్టి అక్కడే బాగుచేయాలి.

కరెంటు దారి

పెద్ద లారీల్లో 12 వోల్టుల బ్యాటరీలు రెండు వరుసగా కలిపి 24 వోల్టులు తీసుకుంటారు. చిన్న గూడ్సు బండ్లు 12 వోల్టులవి. బ్యాటరీ ప్లస్ నుంచి బయలుదేరిన కరెంటు ఫ్యూజు, స్విచ్ దాటి బల్బుకు చేరి, ఛాసిస్ ఇనుము మీదుగా మైనస్‌కు తిరిగి వస్తుంది. తిరిగి వచ్చే ఈ దారినే ఎర్త్ అంటాము. వెళ్లే దారి ఎంత ముఖ్యమో వచ్చే దారీ అంతే ముఖ్యం.

ఎంత కరెంటు లాగుతుందో తెలియాలంటే వాట్లను వోల్టులతో భాగించాలి. 24 వోల్టుల బండిలో 21 వాట్ల ఇండికేటర్ బల్బు సుమారు 0.9 ఆంపియర్లు, 70 వాట్ల హెడ్‌లైటు సుమారు 3 ఆంపియర్లు తీసుకుంటాయి. బాగా ఛార్జయిన బ్యాటరీలు ఇంజను ఆపి ఉన్నప్పుడు 25 వోల్టులకు కాస్త పైన, ఇంజను నడుస్తున్నప్పుడు 27 నుంచి 28.5 దాకా చూపాలి. 30 దాటుతూ బల్బులు తరచు మాడిపోతుంటే తప్పు వైరుది కాదు, ఆల్టర్నేటర్ రెగ్యులేటర్‌ది.

ముందు చూడవలసిన చోట్లు

వైర్ల కట్ట ఛాసిస్ రంధ్రాల గుండా వెళ్లేచోట రబ్బరు ఊడిపోతే ఇనుప అంచు వైరును కోస్తుంది. క్యాబిన్ ఎత్తే బండ్లలో మడతపడే చోట లోపలి తీగలు ఒక్కొక్కటే తెగుతాయి. సైలెన్సర్ దగ్గర వేడికి పైతొడుగు కరుగుతుంది. బ్యాటరీ పెట్టె దగ్గర యాసిడ్, టెయిల్ ల్యాంపు దగ్గర వాన నీరు, యానాం, గంజాం వంటి సముద్ర తీరాల్లో ఉప్పుగాలి రాగిని పచ్చగా మారుస్తాయి. నిలిపి ఉంచిన బండికి ఎలుకల బెడద ఉండనే ఉంది.

ఇంకొక చోటు మరవకూడదు. మన దేశంలో చాలా లారీలకు ఛాసిస్ కంపెనీ నుంచి వస్తే, బాడీ నామక్కల్ వంటి ఊళ్లలో కడతారు. కంపెనీ వైరుకు బాడీ లైట్ల వైరు కలిపిన జాయింటు దగ్గర లోపాలు ఎక్కువ.

వెతికే పద్ధతి

ఒక మల్టీమీటరు, హోల్డరుకు రెండు వైర్లు కట్టిన 24 వోల్టుల 21 వాట్ల బల్బు ఒకటి ఉంటే చాలు. చక్రాలకు అడ్డు పెట్టి, క్యాబిన్ ఎత్తితే లాక్ పడిందో లేదో చూసి, చేతి ఉంగరం, ఇనుప గడియారం తీసి పని మొదలుపెట్టాలి. బ్యాటరీ దగ్గర బీడీ, అగ్గిపుల్ల కూడదు.

వైరు తెగితే: ఫ్యూజు రెండు వైపులా కరెంటు ఉందో లేదో చూడండి. ఉంటే నేరుగా దారి మధ్యలో ఉన్న కనెక్టర్ దగ్గర చూడండి. అక్కడ కరెంటు ఉంటే లోపం దాని వెనక, లేకపోతే ముందు. మిగిలిన సగాన్ని మళ్లీ సగం చేయండి. అనుమానం ఎనిమిది ముక్కల మీద ఉన్నా మూడు పరీక్షలతో చోటు తెలిసిపోతుంది.

ఎర్త్ చెడితే: ఇండికేటర్ వేస్తే టెయిల్ ల్యాంపు కూడా దానితోపాటు కొట్టుకోవడం, లైటు మసకగా వెలగడం దీని గుర్తులు. లైటు వెలుగుతుండగా మీటరు ఒక కొన బ్యాటరీ మైనస్‌కు, రెండోది బల్బు హోల్డరు ఎర్త్‌కు పెట్టండి. అర వోల్టు దాటితే ఎర్త్ బాగాలేనట్టే. ఆ బోల్టు విప్పి, రంగు, తుప్పు గీకి, మళ్లీ బిగించి గ్రీజు పూయాలి.

షార్ట్ అయితే: కొత్త ఫ్యూజు వేసిన వెంటనే పోతుంది. ఆ లైనులోని బల్బులన్నీ తీసేసి, ఫ్యూజు ఉండాల్సిన చోట మన 21 వాట్ల బల్బును కలపండి. స్విచ్ వేయగానే అది బాగా వెలిగితే వైరు ఎక్కడో ఇనుముకు తగులుతోంది. ఒక ఆంపియరుకు మించి పోదు కనుక వైరు కాలదు. ఇప్పుడు ఒక్కో కనెక్టర్ విప్పుతూ, వైర్ల కట్టను కదుపుతూ వెనక్కి వెళ్లండి. ఎక్కడ బల్బు ఆరిపోతుందో అక్కడే లోపం.

బాగుచేసే పద్ధతి

ముందు ఛాసిస్‌కు కలిసిన మైనస్ కేబుల్ విప్పాలి. రాగి నల్లగానో పచ్చగానో ఉంటే మెరిసే రాగి వచ్చేదాకా కత్తిరించాలి. పొడవు తగ్గితే అదే మందం వైరు ముక్క వేయాలి, సన్న వైరు పనికిరాదు. కలపకముందే వేడికి ముడుచుకునే స్లీవు ఎక్కించుకోవాలి. మెలిపెట్టి టేపు చుట్టిన జాయింటు ఒక వానాకాలం కూడా నిలవదు. క్రింపు చేయాలి, లేదా సోల్డరింగ్ చేసి ఆ చోటు అదరకుండా కట్టాలి. పక్కపక్క వైర్ల జాయింట్లు ఒకేచోట రాకుండా రెండంగుళాల తేడాతో వేయాలి. ఆపైన ముడతల పైపు తొడిగి, రంధ్రాల్లో రబ్బరు పెట్టి, అడుగుకొక క్లిప్పు వేసి కట్టాలి. వైరును తెంచింది ఇనుప అంచయితే ఆ అంచుకు, వేడయితే ఆ వేడికి దూరంగా జరపకపోతే మళ్లీ అదే జరుగుతుంది.

ఫ్యూజు కాపాడేది వైరును. బ్లేడు ఫ్యూజుల్లో ఎరుపు 10, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30 ఆంపియర్లు. 10 ఉన్నచోట 30 వేసినా, రాగి తీగో సిగరెట్ పెట్టె రేకో పెట్టినా ఫ్యూజు బదులు వైరు కాలుతుంది.

మరికొన్ని జాగ్రత్తలు

మ్యూజిక్ సిస్టంకు 12 వోల్టులు కావాలని రెండు బ్యాటరీల్లో ఒకదాని నుంచి లాగితే ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ ఛార్జయి రెండూ త్వరగా పాడవుతాయి. దానికి కన్వర్టర్ పెట్టించాలి. అదనపు లైట్లకు, హారన్లకు విడిగా రిలే, ఫ్యూజు ఉండాలి.

2020 ఏప్రిల్ 1 నుంచి వస్తున్న బీఎస్ 6 బండ్లలో ఈసీయూ, సెన్సర్ల వైర్లు ఎక్కువ. వాటి మీద బల్బు పరీక్ష చేయరాదు, పిన్నుతో వైరు గుచ్చరాదు. లైట్లు, హారన్ వంటి లైన్లకే పై పద్ధతి. ఇంజను, ఏబీఎస్ లోపాలకు స్కానర్ ఉన్న షాపుకు వెళ్లాలి. బాడీకి వెల్డింగ్ చేయించేటప్పుడు బ్యాటరీ కేబుళ్లు విప్పించి, కంపెనీ పుస్తకంలో చెప్పినట్టు ఈసీయూ కనెక్టర్లు తీయించి, వెల్డింగ్ ఎర్త్‌ను పని జరిగే చోటికి దగ్గరగా పెట్టించాలి.

ఏ వైరు ఎక్కడ కత్తిరించారో, ఏ రంగుకు ఏ రంగు కలిపారో తేదీ వేసి ఒక నోటుపుస్తకంలో రాసి బండిలోనే ఉంచండి. హొసూరులో చేసిన పని బరంపురంలో విప్పే మెకానిక్‌కు ఆ పుస్తకమే దారి చూపుతుంది. మన పిల్లల్లో ఈ పని మీద ఆసక్తి ఉన్నవారిని ఐటీఐలో చేర్పించే ఆలోచన చేయగలరని కోరుతున్నాము.