గంగజాతర వేషాలు (తిరుపతి)

తిరుపతి తాతయ్యగుంట గంగమ్మకు ఏటా మే నెలలో జరిగే జాతరలో భక్తులు వేసే వేషాలు. ఇక్కడ చూసేవాళ్లే పాత్రలై కథను నడిపిస్తారు. అందువల్ల పాఠకుడు పాత్రగా మారి కథను ముందుకు తీసుకుపోయే నేటి అద్భుత కాల్పనిక రచనకు ఇది చక్కని జానపద నమూనా.

కథ: స్థానిక గాథ ప్రకారం ఆడవాళ్లను చెరపట్టే ఒక పాలెగాడు (స్థానిక పాలకుడు) గంగమ్మ జోలికి వచ్చాడు. ఆమె ఉగ్రరూపం చూసి పారిపోయి దాక్కున్నాడు. వాణ్ని వెతుకుతూ ఆమె మారువేషాలు వేసింది. దొర వేషాన్ని చూసి తన దొరే వచ్చాడనుకుని పాలెగాడు బయటికి రాగా తల నరికింది. ఆపై మాతంగి వేషంలో అతని భార్యను ఓదార్చింది. ఆమె పట్టుదల, వాడి భయం, చివరికి ఆమె జాలి: కథలోని ప్రతి మలుపూ పాత్రల స్వభావం నుంచే పుడుతుంది.

లోకం: అమ్మవారి పుట్టిల్లుగా భావించే అవిలాల నుంచి సారె వస్తుంది. చాటింపుతో జాతర మొదలవుతుంది. ఆమె వేసిన మారువేషాలనే భక్తులూ వేస్తారు: బైరాగి వేషానికి ఒంటికి తెల్లని నామకొమ్ము, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గుపొడి పూసుకుంటారు. మొక్కుకున్న మగవాళ్లు చీర కట్టి, జడ వేసుకుని గుడికి వస్తారు.

పాత్రధారులు: దొర, మాతంగి వంటి ప్రధాన వేషాలు కైకాల వంశస్థులవి. వాళ్లు ఇంటింటికీ వస్తే గృహిణులు కాళ్లకు నీళ్లు పోసి హారతిస్తారు.

ముగింపు: మట్టితో చేసిన అమ్మవారి విశ్వరూపం చెంప నరికి, ఆ మట్టిని ప్రసాదంగా పంచడంతో జాతర పూర్తవుతుంది. ఈ జాతరపై పరిశోధకురాలు జాయిస్ ఫ్లూకిగర్ రాసిన గ్రంథం 2013లో వెలువడింది.