ఏరియేటర్ల ఆర్‌సీసీబీ మీట నిలబడటం లేదా? డైరెక్టు చేయకండి

ఇందుకూరుపేట, విడవలూరు, ముత్తుకూరు వంటి తీర మండలాల రొయ్య రైతులకు సూచన. కొత్త ఆర్‌సీసీబీ బిగించాక మీట నిలబడకపోతే కొందరు దాన్ని తప్పించి లైను డైరెక్టు చేస్తున్నారు. రాత్రి ఏరియేటర్లు ఆగితే తెల్లవారేసరికి రొయ్యలు తేలతాయన్న భయం సహజమే. కానీ ఉప్పునీటిలో దిగే మనిషికి ఆ పరికరమే కాపలా. ఫేజులో వెళ్లిన కరెంటులో 30 మిల్లీ ఆంపియర్లు దారి తప్పినా అది లైను తెంచేస్తుంది. మనుషుల రక్షణకు ఈ 30 మిల్లీ ఆంపియర్ల రకమే వాడాలి.

కారణం ఇలా వెతకండి. మెయిన్ ఆపి, టెస్టర్‌తో చూశాకే ఎలక్ట్రీషియన్ చేత వైర్లు విప్పించండి.

1. మీటను పూర్తిగా కిందికి నొక్కి, తర్వాత పైకి ఎత్తండి. ట్రిప్ అయిన మీట మధ్యలో ఆగి ఉంటే నేరుగా పైకి నిలవదు.

2. అవుట్‌పుట్ వైర్లన్నీ, న్యూట్రల్‌తో సహా, విప్పి మీట ఎత్తండి. అప్పుడూ నిలవకపోతే పరికరమే మార్చాలి. నిలిస్తే లోపం వైరింగులోనో మోటారులోనో ఉంది.

3. న్యూట్రల్ చూడండి. కొత్త బిగింపులో ఎక్కువగా పొరపాటు జరిగేది ఇక్కడే. ఆర్‌సీసీబీ దాటిన న్యూట్రల్ ఎర్త్ వైరుకు గానీ వేరే లైను న్యూట్రల్‌కు గానీ తగలకూడదు. గట్టు మీద బల్బుకు ఫేజు ఆర్‌సీసీబీ నుంచి తీసుకుంటే న్యూట్రల్ కూడా అక్కడి నుంచే తీసుకోవాలి. మామూలు ఎంసీబీ ఫేజును మాత్రమే ఆపుతుంది కాబట్టి ఎంసీబీలు ఆపినంత మాత్రాన ఈ లోపం బయటపడదు.

4. ఏరియేటర్లను ఒక్కొక్కటిగా కలపండి. ఏది కలిపినప్పుడు మీట పడిందో దాని టెర్మినల్ బాక్సులో తేమ, ఉప్పు పేరుకున్నాయేమో, కేబుల్ అతుకు నీళ్లలో ఉందేమో చూడండి. మెగ్గర్ పరీక్షలో 1 మెగ్ ఓమ్ కంటే తక్కువ వస్తే ఆ మోటారు నడపవద్దు.

5. విడివిడిగా అన్నీ నిలిచి, కలిపితే పడుతుంటే చిన్న లీకేజీలు కూడుతున్నాయి. ఒకే ఆర్‌సీసీబీ మీద అన్నీ వేయకుండా విడగొట్టండి.

రాత్రిపూట ఇబ్బంది వస్తే, మెయిన్ ఆపి లోపమున్న ఏరియేటర్ కేబులును బోర్డు దగ్గరే విప్పించి మిగతావి నడపండి. ఆ పూట మేత ఆపండి. లైను లోపమైతే 1912కు ఫోన్ చేయండి.

బాగయ్యాక నెలకోసారి టెస్టు బటన్ నొక్కండి. మీట పడకపోతే వెంటనే మార్చండి. మీట పడినా ఎర్త్ వేరుగా సరిచూడాలి, ఆ బటన్ ఎర్త్‌ను పరీక్షించదు. ఏరియేటర్ ముట్టుకునే ముందు మెయిన్ ఆపే అలవాటు మాత్రం మానవద్దు.