దియొనూసియు అను పేరుగలవారు: సంఘ చరిత్ర నేర్పే పాఠం

పరిశుద్ధ గ్రంథంలో ఒకే పేరుగలవారు అనేకులున్నారు. అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయంలో హేరోదు కత్తితో చంపించిన యాకోబు వేరు, 15వ అధ్యాయంలో యెరూషలేము సభలో మాట్లాడిన యాకోబు వేరు. ఈ భేదం గమనించని ప్రసంగం దారి తప్పుతుంది. సంఘ చరిత్రలో ఇటువంటి పొరపాటు ఒకటి వందల సంవత్సరాలు నిలిచింది. అది దియొనూసియు అనే పేరుకు సంబంధించినది.

1. ముగ్గురు వ్యక్తులు

మొదటివాడు అరేయొపగీతుడైన దియొనూసియు. ఏథెన్సులో పౌలు ప్రసంగం విని విశ్వసించాడు (అపొ.కా. 17:34). లేఖనం ఆయనను గూర్చి ఇంతకంటే చెప్పదు. ఆయన ఏథెన్సు మొదటి బిషప్పు అని రెండవ శతాబ్దపు కొరింథు బిషప్పు రాసినట్లు యూసేబియస్ తెలిపాడు. ఆ కొరింథు బిషప్పు పేరు కూడా దియొనూసియే!

రెండవవాడు పారిస్ బిషప్పు, హతసాక్షి. ఈయన క్రీ.శ. 250 ప్రాంతంలో, డేసియస్ చక్రవర్తి కాలంలో గాల్ దేశానికి వచ్చాడని టూర్స్ గ్రెగరీ రాశాడు. ఫ్రెంచివారు ఈయనను డెనిస్ అంటారు.

మూడవవాడు క్రీ.శ. 500 ప్రాంతపు అజ్ఞాత రచయిత. 'దైవ నామములు', 'మర్మ వేదాంతము' మొదలైన గ్రంథాలను, పది లేఖలను తాను పౌలు శిష్యుడైన దియొనూసియు అన్నట్లుగా, తిమోతి మొదలైనవారిని సంబోధిస్తూ రాశాడు.

2. ముగ్గురూ ఒక్కరైన విధం

532లో కాన్‌స్టాంటినోపుల్‌లో జరిగిన చర్చలో ఈ గ్రంథాలను ప్రమాణంగా చూపినప్పుడు, ఎఫెసు బిషప్పు హైపేషియస్ అభ్యంతరం చెప్పాడు. ఇవి నిజంగా అంత ప్రాచీనమైనవైతే అతనేసియస్, సిరిల్ వంటి పితరులు ఎందుకు ఎరుగరు అని అడిగాడు. ఆ ప్రశ్న మరుగున పడింది. 827లో బైజాంటియం చక్రవర్తి ఈ గ్రంథాల ప్రతిని ఫ్రాంకుల చక్రవర్తియైన లూయీకి పంపగా, అది పారిస్ సమీపంలోని సెయింట్ డెనిస్ మఠానికి చేరింది. మఠాధిపతి హిల్డుయిన్ వాటిని లాటిన్‌లోకి అనువదించి, పౌలు శిష్యుడు, గ్రంథకర్త, పారిస్ హతసాక్షి ఒక్కరేనని చరిత్ర రాశాడు. దీనివలన మఠానికి అపొస్తలుల కాలపు ఘనత లభించింది. థామస్ అక్వినాస్ వంటి పండితుడు సైతం ఈ గ్రంథాలను పౌలు శిష్యుని మాటలుగానే పదేపదే ఉదహరించాడు.

3. ప్రశ్నించినవారు

1121 ప్రాంతంలో అదే మఠంలో ఉన్న అబెలార్డ్, అరేయొపగీతుడు కొరింథు బిషప్పు అని బీడ్ రాసిన మాటను చూపించాడు. సన్యాసులు ఆగ్రహించగా రాత్రివేళ మఠం విడిచి పారిపోవలసి వచ్చింది. విచిత్రమేమంటే, బీడ్ కూడా ఇద్దరు దియొనూసియులను ఒక్కరిగా కలిపివేశాడు! 15వ శతాబ్దంలో లొరెంజో వల్లా ఈ గ్రంథకర్తృత్వాన్ని సందేహించాడు. అతని వ్యాఖ్యలను ఎరాస్మస్ 1505లో ముద్రింపించాడు. చివరకు 1895లో కోక్, స్టిగ్ల్‌మాయర్ అనే ఇద్దరు జర్మన్ పండితులు, ఈ రచయిత 485లో మరణించిన ప్రోక్లస్ అనే తత్వవేత్త రచనలను వాడుకున్నాడని వేర్వేరుగా నిరూపించారు.

4. మరొక దియొనూసియు చూపిన మార్గం

సరియైన పద్ధతిని మూడవ శతాబ్దంలోనే చూపినవాడు అలెక్సంద్రియ బిషప్పు దియొనూసియు. ప్రకటన గ్రంథపు భాషను, శైలిని నాల్గవ సువార్తతో పోల్చి, ఈ యోహాను వేరొక యోహాను కావచ్చునన్నాడు. విశ్వాసులు తమ పిల్లలకు పౌలు, పేతురు అని పేర్లు పెట్టుకున్నట్లే యోహాను పేరుగలవారు కూడా అనేకులని గుర్తుచేశాడు. ఆయన నిర్ణయాన్ని అందరూ అంగీకరించరు. అయితే ఆయన ఆ గ్రంథాన్ని త్రోసివేయలేదు, దాని రచయిత పరిశుద్ధుడని ఒప్పుకున్నాడు. సత్యాన్వేషణ, భక్తి ఒకే హృదయంలో నిలువగలవని ఇది చూపుతున్నది.

ముగింపు

పేరు ఒకటైనంత మాత్రాన అధికారం ఒకటి కాదు. అజ్ఞాత రచయిత గ్రంథాలు నేటికీ అధ్యయనానికి యోగ్యమైనవే. కానీ వాటిని అపొస్తలుని శిష్యుని సాక్ష్యంగా ఎంచరాదు. కాబట్టి బోధకులు ఒక పేరు ఎదురైనప్పుడు ఏ కాలం, ఏ స్థలం, ఎవరి సాక్ష్యం అని మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఆ ప్రశ్నలు అడిగే విద్యార్థిని సంఘం అవిశ్వాసిగా చూడకూడదు. మఠం ఘనతను కాపాడుకొనుటకు అబెలార్డ్‌ను వెళ్లగొట్టినవారు సత్యాన్ని కాపాడలేదు.