పసిపిల్లల ఆటస్థలం

మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు ఇంటా బయటా ఆడుకునేందుకు అమర్చిన చోటు. ఈ ఆలోచనకు జర్మనీలో విద్యావేత్త ఫ్రోబెల్ 1837లో బీజం వేశాడు. 1840లో తన బడికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టాడు. 1943లో కోపెన్‌హాగన్ శివారు ఎమ్‌డ్రుప్‌లో పాత చెక్కలు, ఇటుకలతోనే ఓ ఆటస్థలం వెలసింది. పిల్లలు అక్కడ తమకు కావలసింది తామే కట్టుకున్నారు.

ఇక మన దగ్గరికి వస్తే, సికింద్రాబాద్ కంటోన్మెంట్ ఊరు. పరేడ్ గ్రౌండ్ లాంటి విశాలమైన మైదానాలున్నాయి. పసివాళ్లకు అంత మైదానమెందుకు? వేపచెట్టు నీడ, కుప్పపోసిన ఇసుక, ఓ నీళ్ల తొట్టి చాలు.

ఇక్కడి అసలు సమస్య ఎండ. మే నెలలో వేడి 40 డిగ్రీలు దాటుతుంది. మిట్టమధ్యాహ్నం రేకు జారుడుబల్ల మీద కూర్చున్న పిల్లవాడు కెవ్వుమని లేస్తాడు. కాబట్టి ముందు నీడ, తర్వాతే జారుడుబల్ల. ఉయ్యాల కింద సిమెంటు గచ్చు కాక ఇసుక ఉండాలి.

లోపల ఖరీదైన బొమ్మలు అక్కర్లేదు. చెక్క దిమ్మెలు, వామనగుంటల పీట, నేలమీద సుద్దతో గీసిన తొక్కుడుబిళ్ల గళ్లు సరిపోతాయి. వామనగుంటల్లో వేసే చింతగింజలు మాత్రం వెంట వచ్చే మూడేళ్లలోపు వారికి అందకూడదు, గొంతులో అడ్డుపడతాయి.

1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల (ఐసీడీఎస్) పథకం కింద అంగన్‌వాడీల్లో ఆటపాటలే చదువు.

బడికి ఆటస్థలం ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది. ఆ చట్టం వర్తించేది మాత్రం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు.