వాలు నుండి పంపుకు: హైదరాబాద్ పాతబస్తీ నీటి సరఫరా చరిత్రలో పీడన సమస్య

వ్యాససంగ్రహం
ఒక శతాబ్దం క్రితం పాతబస్తీకి ఏర్పడిన నీటి సరఫరా భూమి వాలుపై ఆధారపడింది. నేటి సరఫరా ప్రధానంగా పంపులపై ఆధారపడుతోంది. ఈ పరిణామంతో సెంట్రిఫ్యూగల్ పంపు, దానితోపాటు కావిటేషన్ సమస్య నగరచరిత్రలో భాగమయ్యాయి. పంపుకు క్షేమకరమైన పీడనం, నీరు తాగేవారికి క్షేమకరమైన పీడనం ఒకటి కావని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పాతబస్తీ, జంట జలాశయాలు, సెంట్రిఫ్యూగల్ పంపు, కావిటేషన్, చూషణ పీడనం

1. ఉపోద్ఘాతం
1591లో మూసీ దక్షిణతీరాన వెలసిన హైదరాబాదుకు తొలినాళ్లలో చెరువులు, బావులే ఆధారం. గోల్కొండ కోటలో దుర్గం చెరువు నీటిని మట్టిగొట్టాల ద్వారా, పర్షియన్ చక్రాలతో అంచెలంచెలుగా ఎగువ తొట్లకు చేర్చేవారు. 1804లో దివాన్ పదవి చేపట్టిన మీర్ ఆలం పేరిట నిర్మితమైన చెరువుకు 21 కమానుల కట్ట ఉంది. పర్షియన్ చక్రమైనా, రైతు మోటైనా నీటిని పాత్రలో పట్టి పైకి మోస్తాయే గాని పీల్చవు. అందువల్ల నీటి పీడనం వాతావరణ పీడనం కంటే తగ్గే ప్రసక్తి ఆ సాధనాలలో లేదు. ఆ సమస్య పంపుతోనే వచ్చింది.

2. వాలుపై నిలిచిన వ్యవస్థ
1908 సెప్టెంబర్ 28న మూసీ వరద నగరాన్ని ముంచెత్తింది. ఆ తరువాత నిజాం ప్రభుత్వ ఆహ్వానంపై మోక్షగుండం విశ్వేశ్వరయ్య వరద నివారణకు ప్రణాళిక రూపొందించారు. దాని ఫలితంగా మూసీపై ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీపై హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరదను ఆపడానికి కట్టిన ఈ జలాశయాలే నగరానికి తాగునీటి వనరులయ్యాయి. ఉస్మాన్‌సాగర్ నీరు ఆసిఫ్‌నగర్ వడపోత కేంద్రానికి, హిమాయత్‌సాగర్ నీరు మీర్ ఆలం వడపోత కేంద్రానికి వాలు వెంబడి చేరేది. ఉస్మాన్‌సాగర్ పూర్తిస్థాయి నీటిమట్టం సముద్రమట్టానికి 1,790 అడుగులు, హిమాయత్‌సాగర్‌ది 1,763.5 అడుగులు. మూసీ ఒడ్డున పల్లంలో ఉన్న పాతబస్తీకి ఈ ఎత్తే చోదకశక్తి.

3. కావిటేషన్ భావన: సంక్షిప్త చరిత్ర
సెంట్రిఫ్యూగల్ పంపు ఆలోచన 17వ శతాబ్దం చివర డెనిస్ పాపిన్ నాటిది. 1851 లండన్ మహాప్రదర్శనలో ఆపోల్డ్ వంపు రెక్కల పంపును ప్రదర్శించిన తరువాత దాని సామర్థ్యం లోకానికి తెలిసింది. కావిటేషన్ మాత్రం మొదట ఓడల ప్రొపెల్లర్ల వద్ద గుర్తింపు పొందింది. డేరింగ్ అనే బ్రిటిష్ యుద్ధనౌక ఆశించిన వేగం అందుకోకపోవడంపై 1895లో థార్నిక్రాఫ్ట్, బార్నబీలు ప్రకటించిన పరిశీలనలలో ఆర్.ఇ. ఫ్రౌడ్ సూచించిన ఈ పదం ప్రచారంలోకి వచ్చింది. బుడగ కుప్పకూలేటప్పుడు పుట్టే అపార పీడనాన్ని 1917లో లార్డ్ రేలీ గణితపరంగా వివరించాడు.

పంపులో ఇంపెల్లర్ ముఖద్వారం వద్ద నీటి వేగం పెరిగి పీడనం పడిపోతుంది. అది ఆ ఉష్ణోగ్రత వద్ద నీటి బాష్పపీడనానికి దిగితే నీరు వేడెక్కకుండానే ఆవిరిబుడగలుగా విడిపోతుంది. రెక్కల వెంట ముందుకు సాగి అధిక పీడనప్రాంతం చేరగానే ఆ బుడగలు కూలి లోహాన్ని గుంటలుగా తొలుస్తాయి. గులకరాళ్లు దొర్లుతున్నట్లు చప్పుడు, నీరు ఎక్కే ఎత్తు తగ్గడం దాని లక్షణాలు. రూపకల్పనలో నిర్ణయించిన ప్రవాహం కంటే బాగా తక్కువ నీటితో నడిపితే, ముఖద్వారం వద్ద నీరు వెనుదిరిగి సుడులు తిరగడం కూడా ఇలాంటి నష్టానికి దారితీస్తుంది.

4. కృష్ణాజలాల దశ
1965 నాటి మంజీరా పథకం తరువాత నగరం దూరపు నీటిపై ఆధారపడటం పెరిగింది. 2004లో నాగార్జునసాగర్ నుండి కృష్ణాజలాల తొలిదశ అందింది. నాగార్జునసాగర్ పూర్తిస్థాయి నీటిమట్టం 590 అడుగులు. అంటే ఉస్మాన్‌సాగర్ కంటే 1,200 అడుగులు, దాదాపు 366 మీటర్లు దిగువ. ఈ రెండు మట్టాల తేడాను మాత్రమే లెక్కిస్తే, వెయ్యి లీటర్ల నీటిని అంత ఎత్తుకు లేపడానికి, నష్టాలేవీ లేకున్నా, సుమారు ఒక యూనిట్ విద్యుత్తు అవసరం. వాలు ఉచితంగా ఇచ్చిన పనిని ఇప్పుడు పంపులు చేస్తున్నాయి.

5. నల్లా మోటారు, చూషణ పీడనం
ఈ మార్పు ప్రభావం గల్లీలోని నల్లా వద్ద కనిపిస్తుంది. సరఫరా కొన్ని గంటలకే పరిమితమై పీడనం చాలనప్పుడు, ఇళ్లవారు వీధి గొట్టానికే నేరుగా మోటారు బిగిస్తారు. ఇక్కడ ఒక లెక్క అవసరం. సుమారు 540 మీటర్ల ఎత్తున వాతావరణ పీడనం 9.7 మీటర్ల నీటిస్తంభానికి సమానం. 40 డిగ్రీల సెల్సియస్ వద్ద నీటి బాష్పపీడనం 0.76 మీటర్లకు సమానం. పంపు తయారీదారు కోరే కనీస చూషణ పీడనం దీనికి కొన్ని మీటర్లు ఎగువన ఉంటుంది. ఆ కనీసానికీ వాతావరణ పీడనానికీ నడుమ పంపు ఏ చప్పుడూ లేక సాఫీగా నడుస్తుంది. కాని ఆ వ్యవధి అంతటా గొట్టంలోని పీడనం వెలుపలి పీడనం కంటే తక్కువే. పగిలిన అతుకు పక్కన మురుగు నిలిచి ఉంటే అది లోపలికి చేరుతుంది. కావిటేషన్ ప్రమాణం యంత్రాన్ని కాపాడుతుంది; ఆరోగ్యానికి హాని అంతకు చాలా ముందే మొదలవుతుంది. పైగా ఒక ఇంటి మోటారు పొరుగింటి పీడనాన్ని తగ్గించి, ఆ ఇంటివారినీ మోటారు కొనేలా చేస్తుంది. కనుక దీనిని కేవలం వ్యక్తుల తప్పిదంగా చూడటం సమంజసం కాదు.

6. ముగింపు
జంట జలాశయాల పరీవాహక ప్రాంత రక్షణకు 1996లో జీ.వో. 111 వెలువడింది. 2022లో జీ.వో. 69 ఆ ఆంక్షలను తొలగించింది. నగర అవసరాలలో ఈ జలాశయాల వాటా స్వల్పమన్నది అందుకు చూపిన ప్రధాన కారణం. ఆ వాదన నీటి పరిమాణాన్నే కొలుస్తుంది, ఎత్తును కొలవదు. విద్యుత్తు లేకున్నా పాతబస్తీ గొట్టాలలో పీడనం నిలపగల వనరుగా ఈ జలాశయాల విలువను లెక్కగట్టవలసి ఉంది. నగర జలచరిత్ర రచనలో చెరువుల విస్తీర్ణంతోపాటు వాటి మట్టాలను, గొట్టాలలోని పీడనాన్ని కూడా చారిత్రక ఆధారాలుగా స్వీకరించాలి.