స్వేచ్ఛాగణిత సాఫ్ట్‌వేరును నడిపించినవారు

బీజగణితమును, కలనగణితమును అంకెలతో గాక గుర్తులతోడనే చేయజాలిన ప్రోగ్రాములలో మాక్‌సిమా (Macsyma) ప్రాచీనమైనది. 1968లో అమెరికాయందలి మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో కార్ల్ ఎంగెల్‌మన్, విలియం మార్టిన్, జోయెల్ మోజెస్ అనువారు దానిని లిస్ప్ భాషలో వ్రాయనారంభించిరి. దానిని తన యంత్రముపై ఇన్‌స్టాల్ చేసికొనుట యెట్లను చింత ఆ దినములలో సామాన్య గణితవేత్తకు లేకుండెను. ఏలయన, ఆ ప్రోగ్రాము పీడీపీ-10 అను పెద్ద కంప్యూటరునందు నెలకొని యుండగా, దూరప్రాంతములవారు నెట్‌వర్కు ద్వారమున దానిని చేరి, తమ సమాకలనములను అచటనే చేయించుకొనుచుండిరి. 1982లో దాని వ్యాపారహక్కులు ఒక కంపెనీకి పోయినవి. సోర్సుకోడు ప్రతి యొకటి అమెరికా ఇంధనశాఖకు చేరినది. నేడు మాక్సిమా (Maxima) అను పేర ఎల్లరకును ఉచితముగా లభించుచున్నది ఆ ఇంధనశాఖ ప్రతియొక్క సంతతియే.

ఆ ప్రతిని 1982 మొదలు 2001లో తాను కీర్తిశేషుడగు వరకును కాపాడినవాడు టెక్సస్ విశ్వవిద్యాలయ గణితాచార్యుడగు విలియం షెల్టర్. కాపాడుట యనగా పెట్టెలో భద్రపరచుట కాదు. పాత యంత్రములు మూలబడి, వానిపై నడచిన లిస్ప్ భేదము వాడుక తప్పుచుండగా, ఆయన ఆ కోడును కామన్ లిస్ప్‌లోనికి మార్చెను. అంతటితో తృప్తిపడక, జపానునందలి క్యోటోలో పుట్టిన కామన్ లిస్ప్ వ్యవస్థను సంస్కరించి, లిస్ప్‌లో వ్రాసినది సీ భాషలోనికి మారి పలు యంత్రములపై నిలుచునట్లు సిద్ధపరచెను. 1998లో ఇంధనశాఖ అనుమతిని సంపాదించి, గ్నూ అను స్వేచ్ఛాసాఫ్ట్‌వేరు లైసెన్సు క్రింద దానిని లోకమునకు విడిచెను. క్రొత్త సిద్ధాంతమును కనిపెట్టుటకంటె ఈ పరిశ్రమ తక్కువదని నేను తలపను. గణితచరిత్రకారులు దీనికి ఒక అధ్యాయమైనను కేటాయింపకుండుట నన్ను మిక్కిలి బాధించును.

అదే కాలమున జర్మనీయందలి ఆఖెన్ నగరమున యోఆఖిం నోయ్‌బ్యూజర్ నాయకత్వమున 1986లో సమూహసిద్ధాంతమునకై గ్యాప్ అను ప్రోగ్రాము పుట్టినది. ఫ్రాన్సునందలి బోర్డోలో ఆంరీ కోఎన్ బృందము సంఖ్యాసిద్ధాంతమునకై పారీని నిర్మించినది. ఒక సిద్ధాంతమును, దాని ఉపపత్తిని ఎవరైనను గ్రంథాలయమున చదివి, పరీక్షించి, రుసుము లేకయే వాడుకొనగలిగియుండగా, అదే గణితమును చేయు ప్రోగ్రాముమాత్రము మూసిన తలుపుల వెనుక నుండుట గణితధర్మమునకు విరుద్ధమని నోయ్‌బ్యూజర్ వాదించెను. ఆ వాదము న్యాయమైనదే. కాని తలుపు తెరచినంతమాత్రమున లోనికి పోవుట సులభము కాదు. సోర్సుకోడు చేతికి వచ్చినవాడు దానిని తన యంత్రముపై తానే కంపైల్ చేసికొనవలసి వచ్చెను, అసలు కష్టము అచటనే మొదలైనది.

2005లో విలియం స్టైన్ అను సంఖ్యాసిద్ధాంతవేత్త సేజ్ అను వ్యవస్థకు శ్రీకారము చుట్టి, మాక్సిమాను, గ్యాప్‌ను, పారీని, ఇంకను పెక్కు ప్రోగ్రాములను పైథాన్ భాషతో ఒక్కటిగా కూర్చగా, ఆ కష్టములన్నియు ఒకేచోటికి వచ్చి చేరినవి. సోర్సునుండి దానిని కట్టుటకు గంటలు పట్టెడిది. ఫోల్డరు పేరులో ఖాళీ యొకటి యున్నచో ఆ నిర్మాణము చెడెడిది. ఎంఫోర్ వంటి చిన్న ఉపకరణము లేకున్నను ముందుకు సాగకుండెను. అన్నింటికంటె విచిత్రమైనది అట్లాస్ అను మాత్రికా లైబ్రరీ: అది తాను నిలువబోవు ప్రాసెసరుపై వేర్వేరు విధముల గుణకారములు చేసి, కాలమును కొలిచి, వానిలో వేగవంతమైనదానిని ఎన్నుకొనెడిది, కావున విద్యుత్తును ఆదాచేయుటకై ప్రాసెసరు తన వేగమును తగ్గించుకొనుచున్నచో ఆ కొలతలు అబద్ధములగునని పనినే నిరాకరించెడిది. విద్యుత్పొదుపునకును మాత్రికాగుణనమునకును గల యీ సంబంధము తెలియని విద్యార్థి తన గణితజ్ఞానమునే శంకించుకొనెడివాడు. ఎరిగినవాడు లాగు ఫైలును తెరచి, తుది పంక్తిని విడిచి, తప్పు మొట్టమొదట ఎచట పుట్టినదో అచటికి పోయి చూచును. ఏలయన, తుది పంక్తి కట్టుట ఆగినదని మాత్రమే చెప్పును, ఆగుటకు కారణము పెక్కు పుటలకు పూర్వమే యుండును. ఈ విద్యను గురుముఖమున నేర్చుకొన్నవారే ఎక్కువ.

విండోస్ వాడువారికి మొదట యంత్రములో మరియొక కల్పిత యంత్రమును నిలిపి దానిలో సేజ్‌ను నడుపుటయు, పిదప సిగ్‌విన్ అను ఉపకరణముల కూర్పు ద్వారమున ఇన్‌స్టాల్ చేయుటయు, అటుపిమ్మట విండోస్‌లోనే లినక్సును నడిపించు సదుపాయమును ఆశ్రయించుటయు మార్గములైనవి. మన దేశమున ముంబయి ఐఐటీయందలి ఫాసీ ప్రాజెక్టు సైలాబ్ వంటి స్వేచ్ఛాసాఫ్ట్‌వేరును కళాశాలలకు చేర్చినది. అచటనే పుట్టిన స్పోకెన్ ట్యుటోరియల్ పాఠములు తెలుగులోను వినవచ్చుటచే, ఆంగ్లమున వచ్చు దోషసూచనలకు వెరచు మన విద్యార్థులకు గొప్ప ఊరట కలిగినది.

ఇన్‌స్టాల్ అయిన పిమ్మటను చిక్కులు తీరవు. పైథాన్‌లో టోపీవంటి గుర్తు ఘాతమును గాక ద్విసంఖ్యామాన ప్రక్రియ నొకదానిని సూచించును. కనుక 2 యొక్క 3వ ఘాతమని తలచి ఆ గుర్తుతో వ్రాసినచో 8కి బదులు 1 వచ్చును. సేజ్ ఆ గుర్తును తానే సరిదిద్దును గాని, అదే పంక్తిని సాధారణ పైథాన్ ఫైలులో భద్రపరచి నడిపినచో సరిదిద్దదు. ఇంతకంటె లోతైన చిక్కు మాక్సిమాది. ఎక్స్ యొక్క ఎన్‌వ ఘాతమును సమాకలనము చేయుమన్నచో, ఎన్ విలువ -1 అగునా అని అది తిరిగి ప్రశ్నించును. నేరుగా మాక్సిమాలో నున్నవాడు సమాధానము వ్రాసి, చివర సెమికోలన్ ఉంచిన చాలును. సేజ్ ద్వారమున అడిగినవానికి ఆ ప్రశ్నకు బదులీయ నవకాశము లేక గణన విఫలమైనదను సందేశము వచ్చును, అపుడు ఎన్ -1 కాదని ముందుగనే అనుకొనవలెనని ఆజ్ఞాపించి మరల అడుగవలెను. -1 అయినచో ఫలితము ఘాతము కాదు, లాగరిథము. ఇంటర్మీడియటు తరగతిలో ఆ సూత్రము ప్రక్కన చిన్న అక్షరములతో వ్రాసికొన్న నిబంధన ఇదియే.